వేప, తుమ్మ కర్రతో పెన్నులు చేయాలని ఉంది: లేత్ కొనేముందు ఏం చూసుకోవాలి?

కడప టీచర్:

అందరికీ నమస్కారం. నేను కడపలో ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. పదో తరగతి పిల్లలు పబ్లిక్ పరీక్షలకు వెళ్లేముందు తలా ఒక పెన్ను ఇవ్వడం మా బడిలో అలవాటు. ఈసారి నుంచి అందరికీ కాకపోయినా, బాగా కష్టపడిన కొందరికైనా నా చేత్తో చేసిన కర్ర పెన్ను ఇవ్వాలని గట్టిగా అనుకుంటున్నాను.

కర్ర నా దగ్గర ఉంది. మా ఊళ్లో రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఇంటి ముందున్న వేపచెట్టు కొట్టేశారు. దాని కొమ్మలు కొన్ని తెప్పించి మిద్దె మీద పెట్టాను. మా జేజినాయన వాడిన గొర్రు కూడా ఉంది. తుమ్మ కర్ర, చెద పట్టలేదు. "పొయ్యిలోకి పోకుంటే చాలు, ఏమన్నా చేసుకోమ్మా" అన్నాడు నాయన.

మిద్దె మీద చిన్న గది ఖాళీగా ఉంది, అక్కడ లేత్ (కర్రను తిప్పుతూ చెక్కే మిషన్) పెట్టుకోవచ్చు. వీడియోలు చూస్తే ఒక్కొక్కరు ఒక్కో సామాను కొనమంటున్నారు. ఎంత లేత్ కావాలి, ఇంటి కరెంటు సరిపోతుందా? మొదట ఏ కిట్ (పెన్ను లోహపు భాగాల సెట్) తీసుకోవాలి? నా దగ్గరున్న వేప, తుమ్మ పనికొస్తాయా? ఎర్రచందనంతో చేస్తే చాలా అందంగా ఉంటుందని ఒకరు చెప్పారు, ముక్కలు తెచ్చిస్తామని కూడా అన్నారు. తీసుకోవచ్చా? వడ్రంగం నాకు రాదు. నిదానంగా, ఓపికగా చేయగలను.

బద్వేలు రైతు:

మేడమ్, మిగతావి తెలిసినవాళ్లు చెబుతారు. ఎర్రచందనం సంగతి మాత్రం నేను చెబుతా, మా ఊరు లంకమల కొండల పక్కనే. ఆ ముక్కలు తీసుకోవద్దు. ఆ చెట్టు అడవిలో సహజంగా పెరిగేది మన శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండ ప్రాంతాల్లోనే. 1995 నుంచి సైటీస్ (అరుదైన జీవుల, మొక్కల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది. 2016లో మన రాష్ట్రం అటవీ చట్టాన్ని సవరించి ఎర్రచందనం కేసులకు శిక్షలు పెంచింది. అటవీశాఖ అనుమతి కాగితాలు లేకుండా ఎవరైనా "తెచ్చిస్తాం" అంటే అది ఎక్కడి నుంచి వస్తుందో ఆలోచించండి. పెన్నుకు పట్టే ముక్క ఎంత చిన్నదైనా కేసు కేసే. మీరు టీచరు, పిల్లల చేతికి ఇచ్చే వస్తువు. ఆ కర్ర మీకు వద్దే వద్దు.

గుంతకల్లు టర్నర్:

అమ్మా, నేను రైల్వేలో టర్నర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఇనుము మీద పని అయిపోయాక కర్ర మీదికి వచ్చాను. ఇప్పుడు పెన్నులు చేయడమే నాకు రోజూ ఉండే పని. మీరు అడిగిన వరుసలో కాకుండా ముఖ్యమైనది ముందు చెబుతా.

కర్ర పెన్ను రెండు చోట్ల చెడిపోతుంది. ఒకటి, కర్ర ఆరకముందే వాడితే. రెండు, రంధ్రం సరిగ్గా పడకపోతే. ఉలి పట్టడం నేర్చుకుంటే వస్తుంది, చెక్కేటప్పుడు జరిగిన పొరపాటు చాలావరకు సరిదిద్దుకోవచ్చు. ఈ రెండూ మాత్రం తర్వాత సరిచేయలేం. అందుకే లేత్ ఏది కొనాలా అని ఆలోచించే సమయంలో సగం వీటికి పెట్టండి.

పెన్ను ఎలా తయారవుతుందో ముందు చూడండి. చదరపు కర్ర ముక్కకు నిలువునా రంధ్రం వేసి, లోపల ఇత్తడి గొట్టం అతికిస్తాం. ఆ గొట్టాన్ని ఆధారం చేసుకుని పైన కర్రను గుండ్రంగా చెక్కుతాం. స్లిమ్‌లైన్ అనే కిట్‌కు 7 మిల్లీమీటర్ల డ్రిల్లు వాడతారు. పని పూర్తయ్యేసరికి చివరల దగ్గర గొట్టం మీద మిగిలే కర్ర అర మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ, అంతే. అంత పల్చని కర్రలో తడి ఉందనుకోండి, ఆరేకొద్దీ అది ముడుచుకుంటుంది. లోపలున్న ఇత్తడి ముడుచుకోదు. ఇక కర్ర పగలాల్సిందే. పెన్ను చేసిన రోజు నిగనిగలాడుతుంది, వేసవి వచ్చేసరికి నిలువునా గీత పడుతుంది. మన సీమలో గాలి పొడి కాబట్టి ఇది మరీ ఎక్కువ. కోస్తా నుంచో కేరళ నుంచో తెప్పించిన ముక్క అక్కడ ఆరినట్టే ఉంటుంది, అనంతపురం, కడప గాలికి మళ్లీ కొంత ముడుచుకుంటుంది. కొన్న ముక్కలైనా సరే, కొన్ని వారాలు మీ గదిలో ఉంచాకే వాడండి.

మీ వేప కొమ్మలను కొమ్మలుగా ఉంచొద్దు. నడిమి బెండు దగ్గర మొదలై చీలిపోతాయి. ఇప్పుడే సామిల్లుకు తీసుకెళ్లి, ఆ నడిమి భాగం వదిలేసి, ఒక అంగుళం మందం పలకలుగా కోయించండి. పలకల చివరలకు కరిగించిన మైనం పూయండి. కర్ర చివరల నుంచి తేమ వేగంగా పోతుంది, పక్కల నుంచి నిదానంగా పోతుంది. ఆ తేడా వల్లే చివరలు బీటలు వేస్తాయి. మధ్యలో సన్నటి పుల్లలు పెట్టి, నీడలో, గాలి ఆడేచోట పేర్చండి. మిద్దె మీద ఎండలో ఉన్నవాటిని ఈరోజే కిందికి దించండి. ఆరాయో లేదో చూడటానికి వంటింటి డిజిటల్ కాటా చాలు. ఒక ముక్కకు గుర్తు పెట్టుకుని వారానికోసారి తూచి రాసుకోండి. బరువు తగ్గడం ఆగిపోయిందంటే కర్ర ఆరినట్టు. మీరు లెక్కల టీచరు, ఆ బరువులతో పిల్లల చేత గ్రాఫ్ గీయించండి. వాళ్ల చేతికొచ్చే పెన్ను వెనక ఏం జరిగిందో వాళ్లకూ తెలుస్తుంది.

గొర్రు ఎన్నో ఏళ్లుగా ఆరిన కర్ర కాబట్టి ఆ భయం లేదు. కోయించేముందు మాత్రం అయస్కాంతం పట్టుకుని అంగుళం అంగుళం తడిమి చూడండి. విరిగిన మేకు లోపల ఉండిపోయి ఉంటుంది. రంపానికీ, మీ ఉలికీ, ముఖ్యంగా మీ కంటికీ అది ప్రమాదం. చేయి కుదిరే వరకు దాన్ని ముట్టుకోకండి. వడ్రంగి దగ్గర మిగిలిన టేకు ముక్కలతో మొదలుపెట్టండి.

ఇక రంధ్రం. ముక్క 19, 20 మిల్లీమీటర్ల చదరం ఉండాలి. పొడవు గొట్టం కంటే ఆరేడు మిల్లీమీటర్లు ఎక్కువ ఉంచండి. రంధ్రం అవతలికి పూర్తిగా పొడవకుండా కాస్త ముందే ఆపి, ఆ చివర రంపంతో కోసేస్తే రంధ్రం బయటపడుతుంది. డ్రిల్లు అవతలికి దూసుకెళ్లేటప్పుడే కర్ర పెచ్చులూడుతుంది, ఇలా చేస్తే ఆ బెడద ఉండదు. డ్రిల్లును సెంటీమీటరుకోసారి బయటకు లాగి పొడి దులపండి. పొడి ఇరుక్కుంటే వేడెక్కుతుంది. ఆ వేడికి లోపల కంటికి కనిపించని పగుళ్లు వస్తాయి. రెండు ముక్కల కిట్ అయితే కోసేముందే కర్ర మీద ఏటవాలుగా ఒక గీత గీయండి. ఏ చివర ఏ చివరకు ఎదురుగా రావాలో గుర్తుంటుంది, చారలు కలుస్తాయి.

గొట్టాన్ని శాండ్ పేపర్‌తో గరుకు చేసి, జిగురు లోపలికి పోకుండా చివర మైనంతో మూసి, అప్పుడు అతికించండి. కొత్తల్లో ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే, నిదానంగా పట్టే జిగురు) మేలు. సూపర్ గ్లూ అయితే గొట్టం సగం దూరం వెళ్లగానే పట్టేస్తుంది, ఇక అటూ ఇటూ కదలదు. మరుసటి రోజు పెన్ మిల్ అనే చిన్న పనిముట్టుతో చివరలను ఇత్తడి కనిపించేవరకు చదును చేయాలి. చివర గొట్టానికి సరిగ్గా లంబంగా లేకపోతే కర్రకూ లోహపు భాగానికీ మధ్య సందు కనిపిస్తుంది. ఎంత పాలిష్ పెట్టినా ఆ సందు మూతపడదు.

లేత్ సంగతికొస్తే, మీకు చిన్నదే చాలు. 8 అంగుళాల వ్యాసం తిరిగే, 12 అంగుళాల పొడవు పట్టే మినీ లేత్ పెన్నులకు ఎక్కువే. అర హార్స్‌పవర్ మోటారుకు ఇంటి 230 వోల్టుల సింగిల్ ఫేజ్ సరిపోతుంది. ఎర్తింగ్ మాత్రం ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. అమెరికా నుంచి వచ్చిన సెకండ్ హ్యాండ్ అంటే మోటారు మీద ప్లేటు చదవండి, 110 వోల్టులది అంటగడతారు. రెండు వైపులా మోర్స్ టేపర్ 2 (సామాన్లు బిగించే ఏటవాలు రంధ్రం సైజు) ఉంటే తర్వాత సామాన్లు తేలికగా దొరుకుతాయి. కొనేముందు ఒక పరీక్ష చేయండి. హెడ్‌స్టాక్‌లో (మోటారు తిప్పే వైపు) మొన ఉన్న సెంటర్, టెయిల్‌స్టాక్‌లో (ఎదురుగా జరిపే వైపు) ఇంకోటి పెట్టి రెండు మొనలనూ దగ్గరికి తీసుకురండి. ఎటు నుంచి చూసినా మొన మొనకు తగలాలి. పక్కకు జరిగి ఉంటే ఆ మిషన్ వదిలేయండి, ధర ఎంత తగ్గించినా వద్దు.

పనిముట్లు మూడు చాలు: రఫింగ్ గౌజ్ (చదరపు కర్రను గుండ్రం చేసే దోనె ఉలి), స్క్యూ ఉలి (ఏటవాలు అంచుది, నునుపు చేయడానికి), పార్టింగ్ టూల్ (సన్నగా కోయడానికి). హెచ్.ఎస్.ఎస్. (హై స్పీడ్ స్టీల్) ఉక్కువి తీసుకోండి. కార్బైడ్ బిళ్ల ఉన్న పనిముట్టుకు సాన అక్కర్లేదు, మొదలుపెట్టేవాళ్లకు సులువు, కాదనను. అయితే అది కర్రను గీకుతుంది. పదునైన గౌజ్ కోస్తుంది. వేపలాంటి అల్లిక చారల కర్రను గీకితే పోగులు లేస్తాయి. అందుకే మీరు సాన పట్టడం నేర్చుకోవాలని నా మాట. 6 అంగుళాల బెంచ్ గ్రైండర్‌కు తెల్ల అల్యూమినియం ఆక్సైడ్ రాయి వేసుకోండి. పదును ఉందో లేదో కింద రాలే కర్రపొట్టును చూస్తే తెలుస్తుంది. రిబ్బన్‌లా చుట్టలు వస్తుంటే పదును ఉంది. పొడి రాలుతుంటే ఆపి సాన పట్టాలి.

ఒంటి జాగ్రత్త గురించి గట్టిగా చెబుతున్నా, తప్పుగా అనుకోకండి. లేత్ దగ్గరికి చీర కొంగుతో, చున్నీతో వెళ్లొద్దు. గాజులు, ఉంగరాలు తీసేయండి, జడ ముడి వేసుకోండి. చేతి తొడుగులు అసలు వద్దు, తిరిగేదానికి చిక్కితే చేతిని లాగేస్తాయి. ముఖమంతా కప్పే షీల్డ్, ముక్కుకు మంచి మాస్క్ ఉండాలి. స్విచ్ వేసేముందు కర్రను చేత్తో ఒక చుట్టు తిప్పి టూల్‌రెస్ట్‌కు (ఉలి ఆనించే కడ్డీకి) తగలడం లేదని చూడండి. టూల్‌రెస్ట్‌ను జరపాలంటే మోటారు ఆపాకే. ఈ పని ఎన్నాళ్లు చేసినా వీటికి మినహాయింపు లేదు.

కర్నూలు వడ్రంగి:

పెద్దాయన చెప్పినవాటికి నావి కొన్ని కలుపుతా. కర్ర నా రోజువారీ వ్యాపారం. తుమ్మ చేవ (లోపలి గట్టి కర్ర) ఎర్రగోధుమ రంగులో, గట్టిగా ఉంటుంది. మన బండ్ల చక్రాలకు, సేద్యం సామాన్లకు అదే వాడేది. పాలిష్ పడితే రంగు ఇంకా లోతుగా కనిపిస్తుంది. మీ గొర్రు ముక్కల్లో మేకు మరకలు నల్లగా ఉంటాయి. ఇనుము తగిలిన చోట తుమ్మ అలా నల్లబడుతుంది, వాటిని తీసేయకండి, పెన్ను మీద బాగుంటాయి.

వేప లేత ఎరుపు. చారలు అటూ ఇటూ తిరిగి ఉంటాయి, చివరి కోతలు చాలా పల్చగా తీయాలి. దాని పొడి గొంతులో చేదుగా తగులుతుంది, మాస్క్ మరిచిపోవద్దు. ఇంకా కావాలంటే చింత చేవ చూడండి. ముదురు ఊదా గోధుమ రంగు, ఇనుములాంటి గట్టిదనం. చేవ కొంచెమే దొరుకుతుంది, పెన్నుకు కొంచెమే కదా కావాల్సింది. పనిముట్టును తొందరగా మొద్దుబారుస్తుంది. నంద్యాల, ఆత్మకూరు వైపు పాత ఇళ్లు విప్పేటప్పుడు నల్లమల టేకు దూలాలు బయటపడతాయి. బాగా ఆరిన కర్ర, కోత సుఖంగా ఉంటుంది. మీ దగ్గర ఫర్నిచర్ షాపులో అడిగితే కోతల్లో మిగిలినవి సంచి నిండా ఇస్తారు. రంపపు మిషన్ మీద చిన్న ముక్కలు మీరే కోయాలని చూడొద్దు మేడమ్. వడ్రంగి చేత 20 మిల్లీమీటర్ల కడ్డీలుగా కోయించుకోండి, ఆ కోత అయిదు నిమిషాల పని.

కడప టీచర్:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. ఎర్రచందనం వద్దని వాళ్లకు ఫోన్ చేసి చెప్పేశాను. వేప కొమ్మలు సామిల్లుకు వెళ్లాయి. గొర్రు మీద అయస్కాంతం పెట్టి చూస్తే మూడు చోట్ల పట్టుకుంది, సుద్దతో గుర్తు పెట్టాను.

సార్, ఇంకో రెండు సందేహాలు. కిట్ ఏది అన్నది మీరు చెప్పలేదు. పిల్లలు రీఫిల్ అయిపోగానే పెన్ను పక్కన పడేయకూడదు, మా ఊరి స్టేషనరీ షాపులో దొరికే రీఫిల్ పట్టేది కావాలి. రెండోది పాలిష్. చెమట చేతులతో రోజూ రాసే పెన్ను, మెరుపు ఎన్నాళ్లు నిలుస్తుంది? ఒకచోట లక్క వాడటం చూశాను, పెన్నుకు పనికొస్తుందా?

గుంతకల్లు టర్నర్:

మంచి ప్రశ్నలు అమ్మా. స్లిమ్‌లైన్‌కు పట్టేది క్రాస్ తరహా సన్నటి రీఫిల్, చిన్న ఊళ్లలో దొరకదు. పిల్లలకు ఇచ్చేదైతే పార్కర్ తరహా రీఫిల్ పట్టే కిట్ తీసుకోండి, ఆ రీఫిల్ ఏ ఊళ్లోనైనా ఉంటుంది. సియెర్రా అనే రకం అలాంటిదే. ఒకే గొట్టం కాబట్టి చారలు కలపాల్సిన పని కూడా లేదు. దానికి 27/64 అంగుళం, అంటే 10.7 మిల్లీమీటర్ల డ్రిల్లు కావాలి. బుషింగ్‌లు (కర్ర చివరల్లో పెట్టే, ఎంతవరకు చెక్కాలో చూపే లోహపు ఉంగరాలు) కూడా ఆ కిట్‌వే తీసుకోవాలి, ఒక కిట్‌వి ఇంకో కిట్‌కు కుదరవు. నేర్చుకోవడానికి మాత్రం స్లిమ్‌లైన్ చవక, కొన్ని దాని మీద చేసి చేయి కుదిరాక సియెర్రాకు మారండి.

మాండ్రెల్ (గొట్టం గుండా పోయే ఇనుప కడ్డీ) మీద కర్ర బిగించేటప్పుడు టెయిల్‌స్టాక్‌ను గట్టిగా తిప్పకండి. ఆ కడ్డీ సన్నటిది, నొక్కితే నడుమ వంగుతుంది. వంగిన కడ్డీ మీద చెక్కితే కర్ర ఒకవైపు మందంగా, ఒకవైపు పల్చగా వస్తుంది. వేలితో తడిమితే కర్రకూ బుషింగ్‌కూ మధ్య మెట్టు తగులుతుంది.

పాలిష్‌కు ముందు శాండ్ పేపర్ 240, 320, 400, 600 వరుసగా, ఏదీ దాటేయకుండా. ఒక్కో నంబరు అయ్యాక లేత్ ఆపి, కర్ర చారల వెంట నిలువుగా కాస్త రుద్దండి, అడ్డగీతలు పోతాయి. చివరలు ఎక్కువ అరగకుండా చూసుకోండి.

లక్క విషయం నాకూ చాలా ఇష్టమైనది. ఏటికొప్పాక బొమ్మలవాళ్లు అంకుడు కర్ర మీద చేసేది అదే. తిరుగుతున్న కర్రకు రంగు లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి కరిగి పట్టుకుంటుంది, తర్వాత మొగలి ఆకుతో మెరుపు తెస్తారు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మనకు దగ్గర్లో చూడాలంటే బెంగళూరు దాటి మైసూరు దారిలో చెన్నపట్నం ఉంది, అక్కడా ఇదే చెట్టు కర్ర, ఇదే లక్క. సెలవుల్లో ఒకసారి వెళ్లి, వాళ్లు ఉలి ఎలా పడుతున్నారో దగ్గర నిలబడి చూడండి. ఏ వీడియో చూసినా అది రాదు. కానీ పెన్నుకు లక్క వద్దంటాను. లక్క ఆల్కహాల్‌కు కరుగుతుంది. శానిటైజర్ రాసుకున్న చేత్తో పట్టుకుంటే మెరుపు పోతుంది. షెల్లాక్‌తో (శుద్ధి చేసిన లక్కతో) చేసే ఫ్రిక్షన్ పాలిష్‌ది కూడా అదే సమస్య, చూడ్డానికి వెంటనే మెరుస్తుంది, చెమటకు తొందరగా మాసిపోతుంది.

రోజూ వాడే పెన్నుకు సూపర్ గ్లూ పూతే నిలుస్తుంది. లేత్‌ను బాగా నిదానంగా తిప్పుతూ, మడిచిన టిష్యూ పేపర్ మీద రెండు చుక్కలు వేసి ఆ చివర నుంచి ఈ చివరకు ఒకే వేగంతో లాగాలి. పూత ఆరాకే ఇంకో పూత. పల్చటి పూతలు ఎక్కువ వేస్తే మంచిది, మందంగా వేస్తే తెల్లబడుతుంది. తర్వాత నీళ్లు అద్దిన సన్న శాండ్ పేపర్, ఆపైన మైక్రోమెష్ ప్యాడ్లు (ఇంకా సన్నగా మెరుగు పెట్టేవి). టిష్యూ బదులు గుడ్డ వాడొద్దు, చిక్కితే వేలు పోతుంది. బుషింగ్‌లకు ముందే మైనం రాస్తే కర్రకు అతుక్కోవు. గ్లూ ఆవిరి కళ్లు మండిస్తుంది, కిటికీలు తీసి చేయండి. గ్లూ సీసాను వేసవిలో ఫ్రిజ్‌లో, పిల్లలకు అందకుండా పెట్టండి. ఉడికించిన అవిసె నూనె వాడితే ఆ నూనె గుడ్డలను ముద్దగా పడేయొద్దు, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి బయట ఆరేసి అప్పుడు పారేయండి.

కర్ర మీద చేయి కుదిరాక ఎబొనైట్ కూడా చూడండి. రాజమండ్రిలో కె.వి.రత్నం గారు 1930లలో స్వదేశీ ఫౌంటెన్ పెన్నులు మొదలుపెట్టింది ఆ పదార్థంతోనే, గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు అది. ఆ పెన్ను బాగుందని 1935లో గాంధీజీ ఉత్తరం రాశారు. కిట్ లేకుండా మరలు కూడా మనమే కోసుకునే పని, దానికి సమయం పడుతుంది. దాని గురించి మీరు అడిగినప్పుడు విడిగా రాస్తా.

చివరగా, భాగాలు బిగించడానికి ప్రెస్ కొనక్కర్లేదు. బెంచ్ వైస్ దవడలకు చెక్క పలకలు పెడితే చాలు, లేకపోతే లేత్ టెయిల్‌స్టాక్‌తోనే నొక్కవచ్చు. ముందు అన్నీ బల్ల మీద వరుసగా పేర్చుకుని, ఏ చివర ఏది పోతుందో చూసుకోండి. గొట్టం లోపల ఎండిన జిగురు ఉంటే గీరేయండి, అది అడ్డుపడితే నొక్కేటప్పుడు కర్ర చీలుతుంది. స్లిమ్‌లైన్‌లో తిప్పే మెకానిజాన్ని ఒకేసారి నొక్కేయొద్దు. ఎక్కువ లోపలికి పోతే రీఫిల్ మొన ఎప్పుడూ బయటే ఉంటుంది, వెనక్కి తీయడం కష్టం. కొంచెం నొక్కి, రీఫిల్ పెట్టి తిప్పి చూసి, మళ్లీ కొంచెం నొక్కండి.